కుదుపుల లెక్క

లక్షలు పోసి సస్పెన్షన్ మార్పిస్తే బండి ఎక్కడికైనా పోతుందా? సూరత్ చుట్టూ ఉన్న బురద, గతుకులు, ఘాట్ రోడ్లు చెప్పే జవాబు వేరు

ఆదివారం సాయంత్రమైతే సూరత్ నగరంలో సగం డుమస్ దారి పడుతుంది. విమానాశ్రయం దాటాక గాలిలో ఉప్పు వాసన, ఆ వెనకే నూనెలో వేగుతున్న టమాటా భజియా వాసన. రోడ్డు ఆగిపోయిన చోట నల్లటి ఇసుక మొదలవుతుంది. అక్కడే వరుసగా ఆగుతాయి థార్‌లు, జిమ్నీలు, గూర్ఖాలు. వాటిలో కొన్ని తోటి బళ్ల కంటే రెండంగుళాలు ఎత్తుగా కనిపిస్తాయి. చక్రం వెనక నుంచి పసుపు రంగు స్ప్రింగో, నీలం రంగు షాక్ అబ్జార్బరో తొంగిచూస్తుంది. అది యజమాని కావాలని కనిపించనిచ్చేది. దాని వెనక లక్ష రూపాయలకు పైబడిన బిల్లు ఉందని తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఆ డబ్బుకు తగ్గ ఫలితం ఉందా అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న అడగడానికి సూరత్‌ను మించిన ఊరు లేదు. ఇక్కడ క్యారట్‌లో వందో వంతుకు ధర కడతారు, మీటరు గుడ్డకు పైసల్లో లాభం చూస్తారు. హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అనే వజ్రాల సంస్థ 2016 దీపావళికి తన ఉద్యోగులకు 1,260 కార్లు బోనస్‌గా ప్రకటించి దేశమంతా వార్తల్లోకెక్కింది. అప్పుడు కూడా ఇచ్చింది చిన్న కార్లే. దానం చేసినా లెక్క తప్పని ఊరిది.

ఈ లెక్క తెలుగువాళ్లకూ బాగా తెలుసు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల క్రితం వలసొచ్చిన పద్మశాలీలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులూ నడిపింది. మామూలు మరమగ్గం తీసేసి రేపియర్ మగ్గమో, వాటర్‌జెట్ మగ్గమో పెట్టాలా అన్నది అక్కడ ఇంటింటా నలిగే విషయం. ఖరీదెంత, నిమిషానికి ఎన్ని పోగులు వేస్తుంది, అప్పు ఎన్నేళ్లలో తీరుతుంది? ఈ మూడూ తేలితే నిర్ణయం తేలినట్టే. సస్పెన్షన్ విషయంలో ఇలాంటి మూడు ప్రశ్నలు వేసుకునేవాళ్లు తక్కువ.

డబ్బు దేనికి?

బండి బరువును మోసేది స్ప్రింగు. గతుకు తగిలాక ఆ స్ప్రింగు ఊగిసలాడకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలో నూనె ఉంటుంది. ముషలకం కదిలినప్పుడల్లా ఆ నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతుంది. కుదుపులోని శక్తి అక్కడ వేడిగా మారిపోతుంది. అంటే షాక్ అబ్జార్బర్ పని ఊపును వేడి చేసి గాలికి వదలడమే. కొండరాళ్ల దారిలో గంటల తరబడి వేగంగా పోతే నూనె కాగుతుంది, పలచబడుతుంది, నురగ కడుతుంది. అప్పుడిక బండి పడవలా ఊగుతుంది.

ఖరీదు పెరిగే కొద్దీ దొరికేది ఈ జబ్బుకు మందు. నురగను అణిచిపెట్టే నైట్రోజన్ వాయువు మొదటి మెట్టు. వాయువును, నూనెను వేరు చేసే ఒంటి గొట్టం రకం రెండో మెట్టు. ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ దీనికి రూపమిస్తే, జర్మనీకి చెందిన బిల్‌స్టైన్ 1950లలో కార్లకెక్కించింది. నూనె నిల్వకు పక్కన వేరే డబ్బా తగిలించి, బిగువును మరతో సర్దుకునే వీలిచ్చేది ఆపై మెట్టు. సాదా గ్యాస్ షాక్ అబ్జార్బర్లు నాలుగూ కలిపి వేలల్లో తేలిపోతాయి. స్ప్రింగులతో సహా దిగుమతి కిట్ అంటే లక్ష దాటుతుంది. పందేల స్థాయి సరుకుకు అనేక లక్షలు పోయాలి.

మందు మంచిదే. జబ్బు ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. డాకర్ ర్యాలీలో ఎడారి దిబ్బల మీద రోజుకు వందల కిలోమీటర్లు పరుగెత్తే బండికి ఆ జబ్బు ఉంది. వారంలో ఐదు రోజులు రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్ల ముందు మొదటి గేరులో పాకే బండికి నూనె కాగే అవకాశమే లేదు.

మూడు నేలలు, మూడు తీర్పులు

సూరత్ బండి తొక్కే నేలలు ముఖ్యంగా మూడు. మొదటిది ఊరి రోడ్డు. 40.35 కిలోమీటర్ల మెట్రోకు 2021 జనవరి 18న శంకుస్థాపన జరిగింది. ఆ పనుల కోసం ఎన్నో ప్రధాన రోడ్లు తవ్వారు. వానాకాలంలో గుంత ఏదో, నీటి మడుగు ఏదో తెలియదు. ఇక్కడ కుదుపు తగ్గాలంటే మెత్తటి స్ప్రింగు కావాలి. కానీ ఆఫ్‌రోడ్ కిట్‌లు చాలావరకు బరువు మోయడానికి చేసినవి. ఇనుప బంపర్, వించ్, డేరా సామాను ఎక్కించినప్పుడే అవి సరిగ్గా కూర్చుంటాయి. ఇద్దరు మనుషులతో ఖాళీగా తిరిగే బండికి వేస్తే కుదుపు తగ్గకపోగా పెరుగుతుంది. లక్ష పోసి నడుం నొప్పి కొనుక్కున్నట్టే.

రెండోది సముద్రపు ఒడ్డు. తాపీ నది సముద్రంలో కలిసే చోటుకు దక్షిణాన డుమస్, ఉత్తరాన హజీరా, దాన్ని దాటితే సువాలి. ఆటుపోట్లు పెద్దవిగా వచ్చే ఖంభాత్ సింధుశాఖ తీరమిది. నది మోసుకొచ్చిన ఒండ్రు ఇసుకలో కలిసి, పైకి గట్టిగా, లోపల జిగటగా ఉంటుంది. 2025 జులైలో ఒక మెర్సిడెస్ కారు డుమస్ ఒడ్డున ఇలాంటి బురదలోనే కూరుకుపోయి దేశమంతా నవ్వులపాలైంది. అక్కడ వాహనాలకు ప్రవేశం నిషేధం. అంతకు ఏడాది ముందు, 2024 జూన్‌లో కచ్ జిల్లా ముంద్రా తీరంలో రీల్ కోసం నీళ్లలోకి దిగిన రెండు థార్‌లదీ అదే గతి. అవి నాలుగు చక్రాలూ తిరిగే బళ్లు. ఆ పనికే పుట్టినవి.

బురదలో బండిని నిలబెట్టేది స్ప్రింగు కాదు, టైరు. మామూలుగా 30 పీఎస్‌ఐ పైచిలుకు ఉండే గాలిని 18 దాకా దించితే టైరు చదునై, బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. దీనికయ్యే ఖర్చు ఒక గాలి మీటరు, మళ్లీ నింపడానికి చిన్న కంప్రెసర్. ఇక పోటు ముంచుకొస్తుంటే ఎంత ఖరీదు సస్పెన్షనైనా నీళ్లలో నానే ఇనుమే.

మూడోది కొండ. సూరత్ నుంచి సాపుతారా దాదాపు 160 కిలోమీటర్లు. చెరకు తోటలు వెనకబడి, టేకు అడవి మొదలైతే డాంగ్ జిల్లా వచ్చినట్టు. వానాకాలంలో వాగులు రోడ్డెక్కుతాయి, పక్కదారులు ఎర్రమట్టిలో కరిగిపోతాయి. మంచి సస్పెన్షన్‌కు నిజంగా పని దొరికేది ఇక్కడే. ఒక చక్రం గోతిలో, ఇంకొకటి బండ మీద ఉన్నప్పుడు నాలుగూ నేలను వదలకుండా ఉండాలి. కొత్త థార్‌కు వెనక కాయిల్ స్ప్రింగులు, ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఇచ్చారు. నేలకూ అడుగుకూ 226 మిల్లీమీటర్ల ఎడం, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగే శక్తి ఫ్యాక్టరీలోనే వస్తాయి. జిమ్నీకి ఆ ఎడం 210 మిల్లీమీటర్లు. 1985లో వచ్చిన జిప్సీకి నాలుగు వైపులా కమాన్ పట్టీలే. దాని వీపు విరిచే కుదుపు తెలిసిన తరానికి కిట్ అవసరమనిపించింది. ఆ అలవాటు మాత్రం బండి మారినా పోలేదు.

ఎత్తు పెంచితే అన్నీ పెరుగుతాయన్నదీ సగం నిజమే. రెండంగుళాల స్ప్రింగు శరీరాన్ని లేపుతుంది. ముందూ వెనకా మిట్టలు తగలకుండా కాపాడుతుంది. కానీ ఒకే ఇరుసు ఉన్న వెనక భాగంలో డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. బండరాయి తగిలేది దానికే. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. ఈలోగా బరువు కేంద్రం పైకి పోతుంది, ఇరుసు కీళ్లు వంకరగా తిరిగి త్వరగా అరుగుతాయి, మలుపులో బండి ఎక్కువ ఒరుగుతుంది. సాపుతారా ఘాట్ ఇలాంటి వాటిని క్షమించే చోటు కాదు. 2025 ఫిబ్రవరి 2న యాత్రికుల బస్సు ఒకటి అక్కడ లోయలో పడి కనీసం ఐదుగురు చనిపోయారు. కారణాలు ఏవైనా, ఆ మలుపుల్లో పొరపాటు ధర ఎంతో ఆ ఘటన చెబుతుంది.

చట్టం చూపు

బిల్లులో కనిపించని ఖర్చు ఇంకొకటుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అంటోంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో శిక్ష కూడా పెరిగింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అరిగిన షాక్ అబ్జార్బర్ తీసి అదే కొలతది వేయడం మరమ్మతు. బండి ఎత్తు పెంచడం మార్పు కిందికి వచ్చే ప్రమాదముంది. ప్రమాదం జరిగాక బీమా సంస్థ సర్వేయర్ ముందు చూసేదీ ఇలాంటి మార్పులనే.

మరి ఎవరికి గిట్టుబాటు? వించ్, ఇనుప బంపర్, వారాలకు సరిపడా సామాను శాశ్వతంగా మోసే బండికి ఆ బరువుకు తగ్గ స్ప్రింగులు అవసరం. లదాఖ్ రాళ్ల దారుల్లో రోజుల తరబడి తిరిగేవాళ్లకు ఒంటి గొట్టం షాక్ అబ్జార్బర్ ఇచ్చే భరోసా డబ్బుకు తగిందే. పందేల్లో దిగేవాళ్లకు పై మెట్టు తప్పదు. మిగిలినవాళ్లు ఖర్చు చేయాల్సిన వరుస వేరు. ముందు అరిగిన రబ్బరు బుష్‌లు మార్చాలి. చాలా బళ్లలో కుదుపుకు, కటకట చప్పుడుకు అసలు కారణం అవే. తర్వాత మంచి టైర్లు, గాలి మీటరు, లాగడానికి గట్టి తాడు. ఆ తర్వాత ఒక రోజు డ్రైవింగ్ శిక్షణ. ఇవన్నీ అయ్యాక కూడా బండి చేయలేని పని ఏదైనా మిగిలితే అప్పుడు సస్పెన్షన్ గురించి ఆలోచించవచ్చు. చాలామందికి ఆ పని మిగలదు.

డాంగ్‌లో సంత రోజున ఈ లెక్కకు ఇంకో ముఖం కనిపిస్తుంది. వెదురు బుట్టలు, ధాన్యం మూటలు, పిల్లాజెల్లాతో కిక్కిరిసిన జీపులు అదే ఎర్రమట్టి దారిలో ఊరూరా తిరుగుతాయి. వాటి వెనక ఇరుసుకు కమాన్ కట్ట. బరువు పెరిగితే అందులో ఇంకో పట్టీ చేరుతుంది, విరిగితే ఊరి కమ్మరి కొలిమి దగ్గరే పని అయిపోతుంది. మనుషులను అలా కుక్కడం తప్పే, ప్రమాదమే. కానీ ఆ బండి యజమాని పెట్టే ప్రతి రూపాయికీ ఎదురుగా ఒక మూట ఉంటుంది, ఒక మనిషి ఉంటాడు. లింబాయత్ మగ్గం యజమాని అడిగే మూడు ప్రశ్నలూ అతడికీ తెలుసు. రెండంగుళాలు లేచిన థార్ హారన్ మోగిస్తే ఆ జీపు పక్కకు తప్పుకుంటుంది, దారి ఇస్తుంది. మధ్యాహ్నం వానకు వాగు పొంగితే మాత్రం రెండూ ఇవతలి ఒడ్డునే, ఒకదాని వెనక ఒకటి, నీళ్లు తగ్గేదాకా ఆగాల్సిందే.