మీ అటక మీద ఏముంది?

ఏవండీ, ఒక్కసారి తలెత్తి మీ అటక కేసి చూడండి. అటకంటారో సజ్జంటారో మీ ఇష్టం. జిప్పు పోయిన ఎయిర్‌బ్యాగు, పిల్లాడి మూడు చక్రాల సైకిలు, టీవీ తాలూకు అట్టపెట్టె. ఆ టీవీ పోయి ఎంతకాలమైంది? పెట్టె మాత్రం పదిలం. ఇల్లు మారినప్పుడు పనికొస్తుందంటారు. సొంతింట్లో ఉంటూ!

జపానులో మారీ కొండో అని ఒకావిడ ఉంది. ఇల్లు సర్దడం మీద పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకోవాలట. మనసు పొంగితే ఉంచుకోవాలి, లేకపోతే థాంక్స్ చెప్పి పంపించెయ్యాలి. మనింట్లో ఆ పరీక్ష పెట్టి చూడండి. అంచు ఊడిన జల్లెడ పట్టుకున్నా అమ్మమ్మ గుర్తొచ్చి మనసు పొంగుతుంది. ఇక ఏం వదుల్తాం?

నన్నడిగితే ఆ పరీక్షేదో తీసుకునేవాళ్ళకి పెట్టాలి. పెళ్ళి సంబంధం చూసినట్టు చూడాలండీ. గుంటపొంగణాల పెనానికి సాయంత్రమయ్యేసరికి ఆకలో అని అరిచే పిల్లలున్న ఇల్లు కావాలి. హార్మోనియానికైతే పక్కవాటా వాళ్ళ ఓర్పు కూడా వాకబు చెయ్యాలి. కుదిరిందా, ఆ రోజంతా నాకు పండగే.

మనవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ఎవరో ఒకరు ఉయ్యాల కొంటే చుట్టాల పిల్లలందరూ అందులోనే ఊగేవారు. ఎక్కడ పురుడైతే అక్కడికి దాని ప్రయాణం. అప్పుడే పుట్టిన బిడ్డకి చుట్టేది కొత్తబట్టా? మెత్తబడ్డ పాత నూలుచీర ముక్క!

అయినా జాకెట్టు ముక్క తిరిగినన్ని ఇళ్ళు ఏదీ తిరగదు. శ్రావణమాసం పేరంటంలో మనకొస్తుంది. వచ్చేవారం మన తాంబూలంలో ఇంకొకరింటికి పోతుంది. కుట్టించుకున్న పాపాన ఎవరూ పోరు. తిరిగి తిరిగి మన చేతికే వచ్చినా నవ్వుతూ పుచ్చుకోవాలి. మీ బీరువాలో ఉన్న ఆ ఆకుపచ్చది నాదేనని నా అనుమానం. పోన్లెండి.

స్టీలు గిన్నెతో ఈ ఆట సాగదు. పేరు కొట్టించి మరీ ఇస్తారు కదా, తారీఖుతో సహా! ఎక్కడికి పంపినా గుట్టు రట్టే.

పాత బట్టలకి స్టీలు సామానిచ్చే ఆమె మీ వీధికీ వస్తుందా? సరిగ్గా మనం కునుకు తీసే వేళకేనా? నైలాను చీరలు చూసి మొహం చిట్లిస్తుంది. పట్టుచీర తీస్తే మాత్రం సర్దుకుని కూర్చుంటుంది. పాత జరీలో వెండి ఉంటుందని ఆమెకి తెలుసు, మనకీ తెలుసు. ఇద్దరం తెలియనట్టే బేరమాడతాం.

బట్టలు దూరం వెళ్ళాలంటే గూంజ్ అనే సంస్థ ఉంది. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా మొదలుపెట్టారు. ఆయనకి 2015లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. ఊరివాళ్ళు కలిసి బావి తవ్వుకున్నా, బాట వేసుకున్నా ప్రతిఫలంగా బట్టలిస్తారు. ఊరికే పుచ్చుకున్నామన్న చిన్నతనం ఎవరికీ ఉండదు. నూలు గుడ్డలతో నెలసరి ప్యాడ్లు కూడా కుడతారు. నాకైతే భలే నచ్చింది.

పుస్తకాల జోలికి పోకండి. ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇచ్చేసి వస్తానని బయల్దేరినవాళ్ళు ఇంకో సంచీ నింపుకుని వస్తారు.

ఇవ్వడానికీ పద్ధతులున్నాయండోయ్. చీపురు ఇవ్వకూడదు. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు, గుప్పెడు పంచదారైనా పొయ్యాలి. శుక్రవారం ఏదీ గడప దాటకూడదు, లక్ష్మి కూడా వెంట వెళ్ళిపోతుందట. చిరిగినవీ గుండీలూడినవీ ఇవ్వకూడదన్నది మాత్రం నేను కలిపిన రూలు.

అన్నట్టు, మా ఇంట్లో పెద్ద ఇడ్లీపాత్ర ఒకటుంది. రేకులన్నీ భద్రంగా ఉన్నాయి. మీ ఇంటికి సరిగ్గా సరిపోతుందని ఎప్పుడో అనుకున్నా. శనివారం వచ్చి పట్టుకెళ్ళండి. దాని మీద మావారి మేనత్త పేరుంది. ఆవిడ ఎప్పుడైనా మీ ఇంటికొస్తే హాల్లోనే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. వంటింట్లోకి మాత్రం రానివ్వకండి.