తల – లత

పిల్లలూ! ‘తల’ అనే మాటలో ఏ అక్షరాలున్నవో, ‘లత’లోనూ అవే ఉన్నవి. వరుస మారింది, అర్థమే మారిపోయింది. అణువులలోనూ ఇట్లాగే జరుగుతుంది.

మా నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు. నిమ్మతొక్కను వేళ్ల మధ్య నొక్కి చూడండి. సన్నని తుంపర చిమ్ముతుంది. ఆ నూనెలో లిమొనీన్ ఉన్నది, పైనీన్ కూడా ఉన్నది. ఈ పైనీన్ టర్పెంటైనులోనూ ఉంటుంది. రెండింటిలోనూ అణువుకు కర్బన పరమాణువులు 10, ఉదజని పరమాణువులు 16. లెక్క ఒకటే అయి అమరిక వేరైన ఇటువంటి వాటిని ఐసోమర్లు అంటారు.

నేను ఈ పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, “సార్, లెక్క ఒక్కటే, తూకం ఒక్కటే. మరి ఏది ఏదో ఎట్ల తెలుస్తది?” అని అడిగింది. నా ఉద్యోగ జీవితంలో నేను విన్న మంచి ప్రశ్నలలో అది ఒకటి.

జవాబు కర్బనమునే అడగాలి! ప్రతి 100 కర్బన పరమాణువులలో సుమారు ఒకదాని భారము 13. దాని కేంద్రకం చిన్న అయస్కాంతం వంటిది. తక్కినవి 12 భారము కలవి, వాటికి ఆ గుణం లేదు. చుక్క నూనెలో కోటానుకోట్ల అణువులుంటాయి గనుక, ఏ స్థానంలోనైనా 13 భారము గల కర్బనం కొన్ని అణువులలో దొరుకుతుంది. నూనెను సన్నని గాజు గొట్టంలో పోసి, బలమైన అయస్కాంతం నడుమ నిలిపి, రేడియో తరంగాలు పంపితే ఆ కర్బనాలు బదులు పలుకుతాయి. ఇరుగుపొరుగును బట్టి ఒక్కొక్క స్థానానిది ఒక్కొక్క పలుకు. యంత్రం ఆ పలుకులను నిలువు గీతలుగా చూపుతుంది. ఇదే కర్బన ఎన్.ఎం.ఆర్. ఇటువంటి గీతలను 1957లో తొలిసారిగా ప్రకటించిన వారిలో అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ లాటర్‌బర్ ఒకరు.

లిమొనీన్‌కు 10 గీతలు వస్తాయి, పైనీన్‌కూ పదే. కాని తమలో తాము జంట బంధంతో కలిసిన కర్బనాల గీతలు ఎడమవైపు దూరంగా నిలుస్తాయి. అటువంటివి లిమొనీన్‌లో 4, పైనీన్‌లో 2. గుట్టు బయటపడ్డది కదా!

ఇది నిమ్మనూనె కోసమే కాదు. మందు అణువులో ఒక చిన్న కొమ్మ చోటు మారితే, జబ్బు నయం చేయవలసిన మందు పనిచేయకపోవచ్చు, హాని కూడా చేయవచ్చు. తక్కెడ ఆ తేడా చెప్పలేదు. అందుకే హైదరాబాదు తార్నాకలో, 1944లో మొదలైన నేటి భారత రసాయన సాంకేతిక సంస్థలో ఇటువంటి యంత్రాలు ఉన్నాయి.

ఇప్పుడు మీరూ మీ అమ్మానాన్నలూ కలిసి చేయండి. 5 మట్టి ఉండలు కర్బనాలు, చీపురుపుల్లలు బంధాలు. ఒక ఉండ నడుమ పెట్టి, చుట్టూ నాలుగు గుచ్చండి. ఆ నాలుగింటికీ పొరుగు ఒకే తీరు, కనుక వాటిదంతా ఒకే గీత. నడిమిది ఇంకొకటి. మొత్తం 2 గీతలు. అవే 5 ఉండలను ఇంకా రెండు విధాలుగా అమర్చవచ్చు. చుట్టు మాత్రం కట్టవద్దు. ఒకదానికి 3 గీతలు, ఇంకొకదానికి 4 గీతలు రావాలి. ఏది ఏదో కనిపెట్టండి!