హోప్ దీవిలో ఒక దినం

‘ద్వీపం’ అనే సంస్కృత పదానికి ఇరువైపులా నీరు గలది అని పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. ఆ పదమే తెలుగువారి నోట ‘దీవి’ అయింది. నదీగర్భంలో వెలసిన మెట్టను మనవారు ‘లంక’ అన్నారు. గోదావరి సీమలో లంకలకు కొదవ లేదు. అయితే నది తెచ్చిన ఇసుకను కడలి అందుకొని కట్టిన దీవి ఒకటి కాకినాడకు ఎదురుగా ఉన్నది. అదే హోప్ దీవి. హోప్ అనగా ఆశ.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు సందడికీ, కళాశాల గంటల మోతకూ అలవాటుపడిన చెవులకు కొంత విశ్రాంతి కావాలనిపించి, ఒక సంక్రాంతి సెలవులలో నేనూ నా శ్రీమతీ ఆ దీవికి ప్రయాణమైనాము. తెల్లవారుజామున రైలెక్కి, తుని, అన్నవరం దాటి సామర్లకోటలో దిగాము. అక్కడినుండి బస్సులో కాకినాడ చేరి మరపడవ ఎక్కాము. రేవులోని కోలాహలం క్రమక్రమంగా వెనుకబడింది. పడవవాడు యంత్రం ఆపేసరికి గాలి సవ్వడి తప్ప మరేమీ వినిపించలేదు.

తెల్లని ఇసుకమీద నిలబడి చూస్తే, ఒక ప్రక్క బంగాళాఖాతపు తరంగఘోష. మరొక ప్రక్క అద్దంలా నిశ్చలంగా ఉన్న కాకినాడ అఖాతం. పుస్తకాలలో చదివిన వ్యుత్పత్తి అక్కడ కంటికి కనిపించింది. ఎండ వాలేవరకు మేమిద్దరం అటూ ఇటూ నడిచాము, ఎక్కువగా మాట్లాడుకోలేదు. మాట్లాడవలసిన అవసరం కలుగలేదు.

దీవిలో బెస్తవారి చిన్న పల్లె ఒకటి ఉన్నది. వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుని పలుకరించి, “ఎంత ప్రశాంతంగా ఉన్నదయ్యా మీ చోటు!” అన్నాను. ఆయన నవ్వి, “పంతులుగారూ, ఈ దిబ్బ లేదనుకోండి, కెరటం తిన్నగా రేవుమీదికే వచ్చేస్తాదండి” అన్నాడు. నేను ప్రశాంతతను చూసిన చోట ఆయన కోటగోడను చూశాడు.

ఆయన మాటలో సత్యమున్నది. సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున సాగిన ఈ ఇసుక దిబ్బ గత రెండు శతాబ్దాలలో పెరిగినది. కెరటాల తాకిడిని ఇది అడ్డుకోవడం వల్లనే కాకినాడ రేవులో ఓడలు నిశ్చింతగా నిలుస్తున్నవి. సమీపంలోని కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారిని అక్కడివారు ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే ఆ ఊరి ఖ్యాతి ఎంతటిదో ఊహించవచ్చు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ వైభవాన్ని తుడిచిపెట్టింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవులు నేడు ఆ తీరానికి రక్షణగా నిలిచి ఉన్నవి.

ఇసుకతో పుట్టిన దీవికి ఇసుకే ఆయువు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది, కాదనలేము. కాని ఆ తరువాత ఎగువన వెలసిన జలాశయాల వల్ల గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు బాగా తగ్గిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దీవికి ఉత్తరంగా ఉన్న ఉప్పాడలో కడలి ఇళ్ళను మింగుతున్న దృశ్యం మనకు తెలిసినదే. తీరం శాశ్వతమని తలచడం సరికాదు.

శీతకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఈ ఇసుకలోనికి వచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగును చూసి సముద్రపు దిక్కును గుర్తిస్తాయి. దీపాలు వెలిగిస్తే దారి తప్పుతాయి. విహారానికి వెళ్ళే మనము అక్కడ వెలిగించే మంటలు, విడిచివచ్చే ప్లాస్టిక్ సీసాలు, చేసే కేకలు ఎవరి ఇంటిలో చేస్తున్నామో ఆలోచించవలసి ఉన్నది.

అతిథి ధర్మమంటే గృహస్థుకు భారం కాకుండా ఉండటమే. ఆ దీవి మనకు విశ్రాంతినిస్తున్నది. తిరిగి దానికి మనమీయదగినదీ విశ్రాంతియే.