ఆ యింట నొక్కరు

తమ దేహమును తామే గాయపరచుకొను పిల్లలు ఆ బాధ పేరు చెప్పుకొని వైద్యుని యొద్దకు వచ్చుట బహు అరుదు. నీరసమనియు, తలనొప్పి యనియు, చదువుపై ధ్యాస నిలుచుట లేదనియు, రాత్రులు నిద్ర పట్టదనియు ఏదో యొక మర్యాదగల వ్యాధినామమును ముందు పెట్టుకొని, తల్లి వెనుకనో మేనత్త వెనుకనో నక్కి వారు వత్తురు. మండు వేసవిలో సైతము మణికట్టు దాటిన చేతులుగల చొక్కా తొడుగుకొనుట, నలుగురిలో కూర్చుండి భుజింపనొల్లకపోవుట, గంటలకొలది గది తలుపు బిగించుకొనుట మొదలగు చిహ్నములను ఇంటివారు చూచియే యుందురు. చూచినదానికి అర్థము వెదకుటకు మాత్రము వారికి ధైర్యము చాలదు. గోదావరి తీరమందలి యొక పట్టణమున చిరకాలముగా మానసిక వైద్యము చేయుచున్న నాకు తోచినదేమనగా, ఈ గాయమును కనిపెట్టుట అంత కష్టము కాదు. కనిపెట్టిన పిమ్మట ఆ యింటివారు ఒకరి ముఖమొకరు చూచుకొనగలుగుట మిక్కిలి కష్టము. ఇచట చెప్పబోవు వృత్తాంతములలో వయస్సులను, బంధుత్వములను, వృత్తులను మార్చితిని. ఒకరి కథలో మరియొకరి కథను కలిపితిని. బాధ మాత్రము మార్చినది కాదు.

ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరము చదువుచున్న యొక బాలికను తల్లి తీసికొనివచ్చెను. “రక్తం తక్కువైందండీ, బలానికేదైనా రాసివ్వండి” అని ఆమె కోరెను. రక్తపోటు చూచుటకై నర్సు చొక్కా చేతిని పైకి మడువబోగా ఆ పిల్ల చేయి వెనుకకు లాగుకొనెను. అదే క్షణమున తల్లి ముఖము కిటికీ వైపునకు త్రిప్పుకొనెను. విషయము ఇద్దరికిని తెలిసినదే యనియు, తెలియనట్లు నటించుట ఆ యింటి యలవాటనియు అంతటితో నాకు బోధపడెను. తల్లిని కొంతసేపు వెలుపల కూర్చుండుమని కోరి, “నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది తల్లీ. నీ ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకి చెప్పక తప్పదు, అది కూడా ముందు నీకు చెప్పే చెబుతాను” అంటిని. చాలసేపు నేలచూపులు చూచి, ఆ బాలిక మెల్లగా నిట్లనెను: “చచ్చిపోదామని కాదండీ. నాన్న వచ్చాక ఇంట్లో అరుపులు మొదలవుతాయి. నాకు ఏడుపు రాదు. లోపలంతా బిగిసిపోతుంది. ఇలా చేస్తే కాసేపు సద్దుమణుగుతుంది. తర్వాత నామీద నాకే అసహ్యం వేస్తుంది.”

ఆ మాటలలో ఈ వ్యాధి స్వరూపమంతయు నిమిడియున్నది. మాటకు లొంగని దుఃఖము, క్షణకాలపు ఉపశమనము, వెనువెంటనే సిగ్గు, ఆ సిగ్గును దాచుటలో మరింత ఏకాకితనము, ఆ ఏకాకితనమునుండి మరల దుఃఖము: ఇట్లు చక్రము తిరుగుచుండును. సాధారణముగా ఇది 12, 14 ఏండ్ల నడుమ మొదలగును. పలు దేశముల పరిశీలనలను క్రోడీకరించి చూచినవారు, కౌమారవయస్కులలో ఇంచుమించు ఆరుగురికొకరు ఎప్పుడో యొకప్పుడు దీని వాతబడినవారే యని తేల్చిరి. వీరిలో పెక్కండ్రు మరణమును కోరి చేయువారు కారు. అట్లని ఉపేక్షింపరాదు, ఈ బాధకు లోనైన పిల్లలకు మున్ముందు ప్రాణాపాయము కలుగు నవకాశము ఇతరులకంటె హెచ్చు. కావున “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడుగవలసినదే. అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదని పరిశోధనలు పలుమారులు తెలిపినవి. ఉన్న తలంపును ఒంటరిగా మోయుచున్న బిడ్డకో, ఆ ప్రశ్న గొప్ప ఊరట.

అమెరికాలోని సియాటిల్ నగరమున, వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో పనిచేసిన మార్షా లినెహాన్ అను మనోవిజ్ఞానశాస్త్రవేత్త ఇట్టివారికై డైలెక్టికల్ బిహేవియర్ థెరపీ యను చికిత్సాపద్ధతిని రూపొందించెను. పదునేడేండ్ల ప్రాయమున తానును ఇదే బాధతో ఆసుపత్రి పాలైనదాననని ఆమె 2011లో బహిరంగముగా చెప్పుకొనెను. స్వభావసిద్ధముగా తీవ్రముగా స్పందించు బిడ్డ, ఆ స్పందనను నిజమని అంగీకరింపని వాతావరణములో పెరిగినపుడు, తన మనస్సును తాను నమ్ముటయు, తన యావేశమును తాను అదుపుచేసికొనుటయు నేర్వజాలదని ఆమె సిద్ధాంతము. ఈ వాతావరణమనునది క్రూరుల యిండ్లలోనే యుండునని తలపరాదు. “ఏం తక్కువ చేశామని ఏడుస్తున్నావ్?” “మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?” “నీకేం కష్టం, తిని చదువుకోవడమేగా!” అను మాటలు బిడ్డలకై ప్రాణములిచ్చు తలిదండ్రుల నోటనే నేను అనేక పర్యాయములు వింటిని. ప్రేమ కొరవడక పోయినను, విను శక్తి కొరవడవచ్చును.

విషయము బయటపడిన పిమ్మట ప్రతి యింటను దోషి యెవరను విచారణ మొదలగును. తండ్రి సెల్‌ఫోనును, తల్లి చెడుస్నేహములను, నాయనమ్మ దిష్టిని, కళాశాలవారు పిల్ల వైఖరిని నిందింతురు. తాయెత్తులు కట్టింపబడును, ఫోను బీరువాలో చేరును. ఈ సమాధానములన్నిటికిని ఒక సామాన్య లక్షణము గలదు: చెప్పినవారిని అవి నిర్దోషులను జేయును. పాత పెంకుటింటిలో పెంకు పగిలినచోట నీరు కారదు. వాసము వెంబడి జారి, గదిలో మరెచ్చటనో బొట్టుబొట్టుగా పడును. తడిసిన నేలను తిట్టి ప్రయోజనమేమి?

నిందకంటెను అపాయకరమైనది ఒట్టు. “ఇంకెప్పుడూ చేయనని నా తలమీద చెయ్యి వేసి చెప్పు” అని తల్లి ఏడ్చుచు అడుగును. బిడ్డయు ఏడ్చుచు చేయి వేయును. ఆ క్షణమున ఇద్దరును మనస్ఫూర్తిగానే యుందురు. కాని ఒట్టుతో దుఃఖము తీరదు గదా! మరల ఆ బిగువు కలిగిన దినమున ఆ బిడ్డ తన్ను గాయపరచుకొనుటయే గాక, తల్లి ప్రాణమునకు ముప్పు తెచ్చితినను పాపభీతిని సైతము మోయవలసివచ్చును. అంతటినుండి అబద్ధము అనివార్యమగును. ఆ బాలిక విషయమున సరిగా నట్లే జరిగినది. అందుచేత నేను తల్లులను మొట్టమొదట కోరునది, ఒట్టును వెనుకకు తీసికొమ్మని. “ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేశానమ్మా. మళ్లీ అలా అనిపిస్తే నాకు చెప్పు, నేను అరవను” అని చెప్పగలిగిన తల్లి సగము వైద్యము చేసినట్లే.

ఆ బాలిక తండ్రిని పిలిపించితిని. రొయ్యల చెరువులలో పెట్టుబడి పెట్టి, తెగులు సోకి వరుసగా పంటలు పోయి, భార్య నగలు తాకట్టుపడి, వడ్డీలకు వడ్డీలు పెరిగిన మనిషి. ప్రతి రాత్రియు ఆ యింట కలహమునకు మూలము ఆ నగలే. “అప్పు చేసి చదివిస్తున్నామండీ. ఇంకేం చేయాలి?” అని ఆయన యడిగినపుడు ఆ కంఠములో కోపముకంటె పరాజయమే నాకెక్కువగా వినిపించెను. ఆ అప్పులు తీర్చు మందు నా యొద్ద లేదు. ఆ దంపతుల నడుమ శాంతి నెలకొల్పుటయు నాలుగు దినముల పని కాదు. అంతవరకు ఆ పిల్ల గతి యేమి? వారి చుట్టరికములను ఒక్కొక్కటిగా విచారింపగా, అదే పట్టణమున అంగన్‌వాడీ టీచరుగా పనిచేయు పిన్ని ప్రసక్తి వచ్చెను. విషయము చెప్పినపుడు ఆమె రొమ్ము బాదుకొనలేదు, చేతులు చూపుమని యడుగలేదు; “ఆకలేస్తోందా? అన్నం తిందాం రా. చెప్పాలనిపించినప్పుడు చెబుదువుగాని” అని మాత్రమనెను. అరుపులు మొదలైన రాత్రి పిల్ల ఎవ్వరి యనుమతియు అడుగనక్కరలేకుండ పిన్నికి ఫోను చేయవచ్చుననియు, ఆమె భర్త వచ్చి తీసికొనిపోవుననియు ఏర్పాటయ్యెను. తండ్రి కొంత తడవు ఆలోచించి, “అరవకుండా ఉంటానని మాటివ్వలేనండీ. పిల్ల వెళ్తానంటే మాత్రం అడ్డుపడను” అనెను. అరుపు మానుట ఆయనకు చేతకాలేదు, అడ్డుపడకుండుట చేతనైనది. ఆ పిల్ల కోలుకొనుటకు అదియే ఆరంభమయ్యెను.

బాలుర విషయమున ఈ బాధ మారువేషమున వచ్చును. కోపము వచ్చినపుడు గోడను గ్రుద్ది చేతి యెముకలు విరుగగొట్టుకొను పిల్లవాని నందరును పొగరుబోతందురే గాని, దుఃఖితుడనరు. ఎముకల వైద్యుడొకడు అనుమానించి నా యొద్దకు పంపిన పదునాలుగేండ్ల బాలుని తల్లి కువైట్‌లో ఇంటిపని చేయుచుండెను. గోదావరి జిల్లాలనుండి గల్ఫ్ దేశములకు అట్లు వెళ్లిన స్త్రీలు లెక్కకు మిక్కిలి. తండ్రి త్రాగుబోతు, నాయనమ్మకు చూపు ఆనదు. ఫోనులో నాతో మాటాడుచు ఆ తల్లి, “టికెట్ కొనుక్కుని వచ్చేస్తానండీ” అని విలపించెను. కాని యజమాని పంపవలె, ఏజెంటు అప్పు తీరవలె. రాలేనితనము ఆమె దోషము కాదు. ఆమె ప్రతి రాత్రియు ఒక నియమిత సమయమున ఫోను చేసి, మార్కుల మాటయు తండ్రి మాటయు ఎత్తక, ఆనాటి సంగతులను వినవలెనని యేర్పరచుకొంటిమి. మోటారుసైకిళ్లు బాగుచేయు మేనమామ తన షెడ్డు తాళపుచెవి యొకటి మేనల్లుని కిచ్చెను. త్రాగుడు మాన్పు చికిత్సకు తండ్రిని పంపితిమి; ఆయన కొలది దినములకే ఆ చికిత్సను మానుకొనెను. ఆయన మారలేదు, పిల్లవాడు మారెను. మామ ప్రక్కన కూర్చుండి యంత్రము విప్పుచు, తనకు కోపము వచ్చుటకు ముందు దవడలు బిగిసికొనునని వాడు తానై కనిపెట్టెను. ఆ గుర్తు తెలిసినపిదప లేచి నడచిపోవుటకు వానికి వ్యవధి దొరకెను.

కుటుంబము బాగుపడిననే గాని బిడ్డ బాగుపడదను మాట వినుటకు సత్యమువలె నుండును. కాని దానిని నమ్మి చేతులు ముడుచుకొని కూర్చున్నచో బిడ్డల బాల్యమే గడచిపోవును. బిడ్డ బాధను కాదనక, బెదరక, చాటింపక వినగలిగిన పెద్దవారొక్కరు దొరకిన చాలును, చికిత్సకు కాలు మోపుటకు చోటు దొరకినట్లే. ఆ యొక్కరిని వెదకుట వైద్యుని పనిలో భాగమని నా విశ్వాసము.

తరువాతి కార్యము కాగితము మీద జరుగును. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అను నిద్దరు రూపొందించిన భద్రతాప్రణాళికను నేను ఒక పుటలో, పిల్లల చేతివ్రాతలోనే వ్రాయింతును: బాధ ముంచుకొనివచ్చుటకు ముందు కనిపించు గుర్తులేవి, తానొంటరిగా చేసి ఊరటపొందగల పనులేవి, ఎవరి సన్నిధికి పోవచ్చును, ఎవరికి ఫోను చేయవలెను, ఇంటిలో హాని కలిగింపగల వస్తువులను పెద్దలెవరు తొలగింతురు. ఈ అలవాటునే మాన్పు మాత్ర యేదియు లేదు; దానితోబాటు విషాదరోగమున్నచో దానికి మందులు గలవు. మనస్సును సంబాళించుకొను నేర్పు అభ్యాసముచేతనే వచ్చును. ఓస్లోలో 77 మంది కౌమారులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు 19 వారములు లినెహాన్ పద్ధతిని నేర్పగా, వారిలో ఆత్మహింస రెండవ వర్గములోకంటె తగ్గినదని 2014లో ప్రకటించిరి. ఆ పద్ధతిలో పిల్లలతోబాటు పెద్దలును కూర్చుండి అవే పాఠములు నేర్తురు.

ఇల్లే అపాయస్థానమైన సందర్భములును గలవు. గాయము వెనుక లైంగిక హింస యున్నదని తెలిసినపుడు, పరువు మాట పక్కన బెట్టి ఫిర్యాదు చేయవలసినదే. 2012 నాటి పోక్సో చట్టము ఆ బాధ్యతను తెలిసిన ప్రతివారిపైనను, వైద్యునిపైనను పెట్టినది. అట్టిచోట 1098కి ఫోను చేసినచో బాలల రక్షణవ్యవస్థ కదలును. ఇతర సందర్భములలో పోలీసు కేసగునని భయపడి ఆసుపత్రికి రానివారు పెక్కురు. మరణింపవలెనను ఉద్దేశము లేని గాయము ఏనాడును నేరము కాదు. ఆత్మహత్యా యత్నము చేసినవారిని సైతము తీవ్రమైన ఒత్తిడిలో నున్నవారుగా భావించి, శిక్షింపక ఆదరింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. 2022 అక్టోబరునుండి నడచుచున్న టెలీ మానస్ అను మానసికారోగ్య సహాయవాణితో 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటాడవచ్చును. పేరుపొందిన వైద్యులు లేని పల్లెకును ఆ ఫోను అందును.

బంధువులను పిలిచి సాయమడిగినపుడు నాకు తరచుగా వినవచ్చు సమాధానము, “మొగుడూ పెళ్లాల మధ్య మేమెందుకండీ?” అని. ఆలుమగల కలహము అన్నము తినేదాకానే యని సామెత. ఆ సామెత నిజమైన యిండ్లలో సైతము, అదే పంక్తిలో కూర్చుండి మెతుకు దిగని బిడ్డ ఎవ్వరి లెక్కలోనికిని రాదు. ఆ కలహమును తీర్చుమని నేను పిన్నమ్మలను, మేనమామలను, మాస్టర్లను కోరను. తీర్పరులుగా వచ్చినవారివలన ఇండ్లు చెడుటయే హెచ్చుగా చూచితిని. పక్షము వహింపక, ప్రశ్నలతో వేధింపక, ఆ బిడ్డకు తమ యింట ఒక చాప, ఒక కంచము, వినుటకు కొంత సమయము ప్రత్యేకింపుడని మాత్రము కోరుదును. అంతకు మించిన భారమేదైన వచ్చినచో, అది మోయుటకు మావంటివారము ఉండనే యున్నాము.