పంటు దాటితే వియ్యాలవారిల్లు

మా పెద్దమ్మాయిని సఖినేటిపల్లి ఇచ్చామంటే ఇక్కడ కోరుట్లలో "అదెక్కడ?" అంటారు. సికింద్రాబాద్‌లో రాత్రి నరసాపురం రైలెక్కితే తెల్లారి దిగుతాం. ఆటోలో రేవుకు వెళ్లి, వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటితే అవతలి ఒడ్డే సఖినేటిపల్లి. నదికి ఇటు పశ్చిమగోదావరి, అటు కోనసీమ జిల్లా.

పంటు అన్న మాట మొదటిసారి విన్నప్పుడు మా ఆయన "ప్యాంటా?" అన్నారు. ఇంగ్లీషు 'పంట్' నుంచి వచ్చి ఉంటుందని, తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి, నేనో ఊహ చేశాను. తీరా చూస్తే వెడల్పాటి ఇనుప బల్లకట్టు! కార్లు, బైకులు ఎక్కించాక వాటి మధ్యన మనం నిలబడాలి. మా వియ్యపురాలి చిన్నప్పుడు రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచేవారట. ఇప్పుడు ఇంజన్లు వచ్చాయి. రేవును వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లే పంట్లు నడిపి టిక్కెట్టు వసూలు చేసుకుంటారు. మా పుట్టిల్లు సిరిసిల్లలో బతుకమ్మ చీరల ఆర్డరు గురించి అప్పట్లో ఎట్లా మాట్లాడుకునేవారో, అక్కడ రేవు పాట గురించి అట్లా! వంతెన కావాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. చించినాడ వంతెన మీదుగా వెళ్లొచ్చుగానీ చాలా చుట్టు.

2022లో అమ్మాయికి మొదటి కాన్పు. మా అత్తమ్మ "తొమ్మిదో నెలల తోలుకరావాలె, మన ఇంటి పద్ధతి అదే" అని పట్టుబట్టింది. వియ్యపురాలు ఫోన్ చేసి, "వదినగారూ, తొమ్మిదో నెలంటే శ్రావణం. గోదారి ఎర్రబడితే పంటు ఆపేస్తారు. నిండు చూలాలిని అంత చుట్టు తిప్పడం నాకిష్టం లేదు. ఏడో నెలలోనే తీసుకెళ్లండి" అంది. అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా ఏటి ఒడ్డున కాపురం చేసినామె మాటే నాకు సబబనిపించింది. జ్యేష్ఠంలోనే వెళ్లి తీసుకొచ్చాం.

జులైలో వాన పట్టుకుంది. ఇక్కడ ధర్మపురిలో గోదావరి పొంగింది. ధర్మపురి నరసింహస్వామిని చూసి వెళ్లిన నీళ్లే కదా అక్కడ అంతర్వేది నరసింహస్వామి దగ్గర సముద్రంలో కలిసేది! ఎస్సారెస్పీ గేట్లెత్తారని టీవీలో వస్తే చాలు, అమ్మాయి అత్తగారింటికి ఫోన్ చేసేది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆసారి 25 లక్షలు దాటింది. పంట్లు కట్టేశారు. ఒక రోజంతా ఫోన్ కలవలేదు. అమ్మాయి అన్నం ముందర కూర్చుని ముద్ద ముట్టలేదు. "అత్తయ్య ఎట్లుందో" అని ఒకటే ఏడుపు. మర్నాడు అల్లుడు ఫోన్ చేసి, ఇంట్లోకి నీళ్లు రాలేదని చెప్పాక గానీ తినలేదు. అప్పుడు అత్తమ్మే దగ్గర కూర్చుని కలిపి పెట్టింది. తొమ్మిదో నెల మాట మళ్లీ ఎత్తలేదు.

ఆగస్టు ఆఖర్లో మనవడు పుట్టాడు. మాఘంలో బిడ్డను, బాలింతను దిగబెట్టాలి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, పంటు దగ్గర కాలు పెట్టే సందుండదు, అది దాటాక రమ్మంది వదిన. టిక్కెట్లు అట్లనే చేయించాం.