ముప్ఫై మంది - మూడు సెకన్లు

కూతురు ఆకాశం నుంచి దూకుతుంటే చూడడానికి తల్లిదండ్రులను పిలవడం మా కాలంలో లేదు. 2023 డిసెంబరులో మేమిద్దరం అమెరికాలో మా అమ్మాయి ఇంట దిగిన వారానికి, “నాన్నగారూ, ఈ ఆదివారం మీరూ అమ్మా ఈలాయ్ రావాలి. ముప్ఫై మందిమి కలిసి దూకుతున్నాం” అన్నది, అదేదో వనభోజనానికి పిలుస్తున్నట్లు. మా ఆవిడ ససేమిరా అన్నది. చివరకు ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే భయం ఇంకా ఎక్కువవుతుందని తానే తేల్చుకుని, పులిహోర కలిపి, ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని కారెక్కింది.

మా అమ్మాయి ఉండేది అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి దగ్గరే ఉన్న ఛాండ్లర్‌లో. అక్కడి నుంచి పదో నంబరు రాజమార్గం మీద టూసాన్ వైపు ముప్పావుగంట పోతే ఈలాయ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకుని వెళ్ళిన నాకు దారి పక్కన పత్తిచేలు కనిపించాయి! కాలవల నీటితో పండిస్తారు. తీత అయిపోయింది కాని, గట్ల మీద ఎండుకంపల్లో పింజలు ఇంకా చిక్కుకుని ఉన్నాయి. గుంటూరు జిల్లా వాణ్ణి గదా, ఎవరో మనవాళ్ళు ఎదురుపడ్డట్లు ప్రాణం లేచి వచ్చింది. దూరాన పికాచో శిఖరం. పైన మబ్బుతునక లేని ఆకాశం. ఈ క్రీడాకారులు ఆ ఊరు వెతుక్కుంటూ రావడానికి ఆ ఆకాశమే కారణం.

విమానాల మైదానం చూస్తే మన తిరనాళ్ళే గుర్తుకొచ్చింది. పెద్ద పందిరి కింద తివాచీ పరిచి, కొందరు మోకాళ్ళ మీద కూర్చుని పారాచూట్లు మడుస్తున్నారు. పట్టుచీర మడతపెట్టేటప్పుడు కూడా మా ఆవిడ అంత శ్రద్ధ చూపదు. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ, కుక్కల్ని వెంటబెట్టుకున్న తాతలూ అక్కడే తిరుగుతున్నారు. మా అమ్మాయి జట్టులో ఒక పళ్ళ డాక్టరు, ఒక లారీ డ్రైవరు, ఒక బడిపంతులమ్మ ఉన్నారు. 100 సార్లు దూకినవారూ ఉన్నారు, 5,000 సార్లు దూకినవారూ ఉన్నారు. మా అమ్మాయి లెక్క 212.

వీరందరినీ రెండు విమానాలలో ఎక్కించి, 13,500 అడుగుల ఎత్తున దింపి, పారాచూట్లు తెరవకముందే గాలిలో ఒక పెద్ద పువ్వులా చేతులు కలిపించాలి. దొరికే వ్యవధి యాభై సెకన్లు. పడే వేగం గంటకు సుమారు 120 మైళ్ళు. ఈ విద్యలో లోకంలోకెల్లా పెద్ద పువ్వు థాయ్‌లాండులోని ఉడోన్ థానీ మీద 2006 ఫిబ్రవరి 8న విచ్చుకుంది. 400 మంది! అది నిలిచింది 4.25 సెకన్లు. ఈ నాలుగు సెకన్ల కోసం ఇంత ఆర్భాటమా అని నేను నవ్వాను. సాయంత్రానికి నవ్వడం మానేశాను.

ఈ జట్టుకు నిర్వాహకుడు అరవయ్యేళ్ళ సన్నపాటి మనిషి. చేతిలో ఒక అట్టముక్క, చెవిలో పెన్సిలు. పెళ్ళిలో బంతులు వేయించే పెద్దమనిషిలా ఉన్నాడు. వచ్చిన ప్రతివారినీ మొదట ఎన్నిసార్లు దూకారని అడగలేదు. “చివరిసారి ఎప్పుడు దూకారు?” అని అడిగాడు. తర్వాత, “మీరు మిగతావారికన్నా కిందికి జారిపోతే ఏం చేస్తారు?” అని అడిగాడు. జవాబు విని పెన్సిలుతో అట్ట మీద గుర్తు పెట్టుకున్నాడు.

బలమైన వాళ్ళందరినీ మధ్యలో పెడతాడనుకున్నాను. అలా చేయలేదు. నడుమ ఉండే ఆరుగురు మాత్రం రాయిలా కదలని వాళ్ళు. వారు ఎంత వేగంతో పడితే అందరూ అంతే వేగంతో పడాలి. వారి కాళ్ళు పట్టుకునే 12 మంది రెండో వరుస. మళ్ళీ వారి వెలుపల 12 మంది. అందరికన్నా ఆఖరున విమానం నుంచి దూకేవాడు తలకిందులుగా బాణంలా దూసుకువచ్చి, సరిగ్గా చివరిలో వేగాన్ని చంపుకోవాలి గనుక, అక్కడా చేయి తిరిగినవాళ్ళనే పెట్టాడు. కొత్తవాళ్ళను రెండో వరుసలో, అటొకరూ ఇటొకరూ అనుభవజ్ఞులు ఉండేటట్లు దూర్చాడు. మా అమ్మాయి ఆ వరుసలోనే.

పూర్వం గెలీలియో బరువైనదీ తేలికైనదీ ఒకేసారి పడతాయన్నాడని బళ్ళో ముప్ఫై ఏళ్ళు చెప్పినవాణ్ణి. గాలి ఉన్నచోట ఆ పాఠం చెల్లదని అక్కడ తెలిసింది. లావుపాటివారు గాలి పట్టే వదులు దుస్తులు వేసుకున్నారు. బక్కపలచని మా అమ్మాయి నడుముకు ఎనిమిది పౌన్ల సీసం కట్టుకుంది. అది చూసి మా ఆవిడ మొహం తిప్పుకుంది.

తర్వాత ముప్ఫై మందీ నేల మీద నడుస్తూ, వంగి, ఒకరి చేతులొకరు పట్టుకుంటూ అభ్యాసం చేశారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. “గ్యాలరీ మెట్లు దిగినట్లు దిగండి. మీ చోటు వైపు కాదు, నడుమనున్న వారి వైపు చూడండి. అయిదారు అడుగుల దూరాన ఆగండి. ఆగిన తర్వాతే చేయి చాచండి” - ఇదే మంత్రం.

మొదటిసారి పువ్వు విచ్చుకోలేదు. రెండోసారీ లేదు. కిందికి వచ్చాక అందరూ ఒక గదిలో చేరి, పైనుంచి తీసిన చిత్రం చూశారు. మేమూ వెనక నిలబడ్డాం. రెండుసార్లూ ఒకాయన, మూడువేలసార్లు దూకిన దిట్ట, రెండో వరుసను వేగంగా వచ్చి గుద్దాడు. వరుస మెలితిరిగి చేతులు వీడిపోయాయి. రెండోసారి ఇంకొకటి కూడా కనిపించింది. పువ్వుకు పక్కగా, దిగువన, ఒక చిన్న నీలిచుక్క ఒంటరిగా పడిపోతున్నది.

“అదెవరు?” అన్నది మా ఆవిడ.

“నేనే అమ్మా” అన్నది అమ్మాయి తలవంచుకుని.

జారిపోయినవారికి తిరిగి పైకి రావడం చాలా కష్టమట. తొందరపడి పువ్వు కిందికి చేరితే మరీ ప్రమాదం. పడుతున్న మనిషి వీపు మీద గాలి ఆనదు. పైవాడు ఆ గుల్ల చోటులోకి వచ్చాడా, దబ్బున కిందివాడి మీద పడతాడు. అందుకే పక్కనే ఉండిపోయి, వేళకు వెనుతిరిగి దూరంగా పోవాలి. మా అమ్మాయి చేసింది అదే. నిర్వాహకుడు చిత్రం ఆపి ఆ చుక్కను పెన్సిలుతో చూపించి, “సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది” అన్నాడు. అంతకన్నా మెచ్చుకోలేదు, చీవాట్లూ పెట్టలేదు. “రెండు పౌన్ల సీసం తీసెయ్యి” అన్నాడు.

ఆ తర్వాత ఆ దిట్టను భుజం మీద చేయి వేసి కంచె దాకా నడిపించుకుపోయాడు. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. కాని ఆ పెద్దమనిషి చేతితొడుగులు విప్పి నేల మీద కొట్టడం నాకు కనిపించింది. మూడోసారికి ఆయన బదులు, అదనంగా పిలిపించిన ముగ్గురిలో ఒకరిని తీసుకున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1978లో స్వాతంత్ర్య దినోత్సవానికి మా బడి పిల్లలచేత ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే గోపురం కట్టించాను. పైన నిలబడడానికి తగినవాడు గాలికి ఎగిరిపోయేటట్లుండే ఒక పిల్లాడు. కాని ఊళ్ళో మోతుబరిగారు వాళ్ళబ్బాయిని పైన నిలబెట్టమని కబురు పంపారు. కాదనలేకపోయాను. జెండా చేతికందుతుందనగా గోపురం ఊగింది, మోతుబరి కొడుకు పడ్డాడు, మెడఎముక విరిగింది. వాడికి తగ్గిపోయింది. ఆ బక్క పిల్లాడు ఆ రోజు బారులో కూడా లేడు. గోడవారగా నిలబడి చూస్తున్నాడు. వాడి మొహం ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు గుర్తుకు వస్తుంది. ఈలాయ్‌లో ఆ సన్నపాటి మనిషి కంచె నుంచి ఒంటరిగా తిరిగి వస్తుంటే, లేచి నిలబడాలనిపించింది.

మూడోసారి విమానాలు లేచేసరికి పొద్దు వాలుతున్నది. ఆ దిట్ట వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు పలకలేదు. తర్వాత తన దుర్భిణి నా చేతికిచ్చి, “రెండో వరుస, ఎడమ వైపు చూడండి. నీలిరంగు దుస్తులు. మీ అమ్మాయే గదా?” అన్నాడు.

పైన రెండు విమానాల నుంచి ఆవాలు జల్లినట్లు పడ్డారు. ఆవాలు దగ్గరయ్యాయి. నడుమ ఆరుగురు, చుట్టూ ఒకటొకటిగా చుక్కలు. ఎడమ వైపున ఒక చోటు ఖాళీగా ఉంది. నా ఊపిరి అక్కడే ఆగింది. ఒక నీలిచుక్క ఆ ఖాళీ ముందు ఆగి, తొందరపడకుండా ముందుకు వచ్చి అతుక్కుంది. ఆ వెనకే వెలుపలి వరుస. పక్కనాయన బిగ్గరగా లెక్కపెట్టాడు: ఒకటి, రెండు, మూడు. 6,000 అడుగుల దగ్గర వెలుపలి వరుస ఒక్కమారుగా వెనుతిరిగి దూరంగా దూసుకుపోయింది. ఆ తర్వాత రెండో వరుస. ఆఖరున నడుమవాళ్ళు. అలా విడిపోకపోతే ఒకరి పారాచూట్ మీద ఇంకొకరు పడతారు. కాసేపటికి ఆకాశం నిండా రంగురంగుల గొడుగులు. మా ఆవిడ కళ్ళు తెరిచింది అప్పుడే.

“అందరూ కలిశారండీ!” అన్నాడాయన. ఆయన లేని పువ్వు అది. అయినా పరుగెత్తుకుంటూ వెళ్ళి దిగినవారిని ఒక్కొక్కరినీ లెక్కపెట్టినవాడు ఆయనే.

పులిహోర ముప్ఫై మందికి చాలలేదు. నిర్వాహకుడు అట్టముక్క మీదే పెట్టించుకుని తిన్నాడు. చీకటిపడ్డాక కారులో అమ్మాయి వెనక సీట్లో వాళ్ళమ్మ ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయింది. కారు నడుపుతున్నది మా అల్లుడు. పత్తిచేలు దాటుతుండగా మా ఆవిడ మెల్లగా అన్నది:

“ఏమండీ, విన్నారా? దీనికి రెండు పౌన్ల సీసం తగ్గించారట. పది రోజులు నా చేతివంట తిన్నది, బరువెక్కకుండా ఎలా ఉంటుంది?”