బోరబండ అదురూ, గాజు దారమూ

బాలలూ! హైదరాబాదులోని బేగంపేటలో లోకల్ రైలెక్కి లింగంపల్లి వైపు వెళితే, భరత్‌నగర్ దాటగానే బోరబండ స్టేషను వస్తుంది. క్రిందటి నెల మా అమ్మాయి ఇంటికి వెళ్లటానికి నేను అక్కడే దిగాను. ఇరుకు సందులు, దగ్గర దగ్గరగా ఇళ్లు, మధ్య మధ్య నల్లని రాతి గుండ్లు. ఈ రాయి 250 కోట్ల ఏళ్ల నాటిది. ఊరి పేరులోనే బండ ఉన్నది.

"తాతయ్యా, ఇంత గట్టి బండ కూడా ఒకసారి అదిరిందట!" అన్నాడు మా మనమడు.

వాడు చెప్పినది నిజమే. 2020 అక్టోబరులో ఒక రాత్రి ఇక్కడ భూమిలోనుంచి పెద్ద చప్పుడు వచ్చింది. జనం భయపడి పిల్లల నెత్తుకుని వీధిలోకి పరుగెత్తారు. ఎవరికి తోచినట్టు వారు చెప్పుకున్నారు. అప్పుడు ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు భూకంప మాపకాలు తెచ్చి బోరబండలో పెట్టారు. ఈ సంస్థ 1961లో ఏర్పడింది. అదురుల తీవ్రత 2 కన్న తక్కువేనని తేలింది. అంత చిన్న అదురైనా, భూమి పైభాగానికి దగ్గరలో పుడితే చప్పుడు వినిపిస్తుంది.

"కొలిచి చెప్పిన తరవాతే మాకు నిద్ర పట్టింది, నాన్నా," అన్నది మా అమ్మాయి.

చిన్నదానికీ పెద్దదానికీ తేడా ఎంతో చూడండి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం తీవ్రత 5.3. తీవ్రత 1.3 గల అదురుతో పోలిస్తే, దానిలో శక్తి 10 లక్షల రెట్లు!

"మరి అంత చిన్న అదురును ఎలా కొలుస్తారు?" అని మనమడు అడిగాడు.

మామూలు యంత్రంలో స్ప్రింగుకు ఒక బరువు వేలాడుతూ ఉంటుంది. భూమి కదిలినా బరువు వెంటనే కదలదు. ఆ రెండింటి తేడాయే అదురు. ఈనాడు వెలుతురుతో కూడా అదురును కొలుస్తున్నారు.

మేము మాట్లాడుకుంటూ జూబిలీ హిల్స్ వైపు నడిచాము. అక్కడికి దగ్గరలోనే ఫిల్మ్‌నగర్. సినిమాలో భూకంపం చూపాలంటే కెమెరాను కుదిపితే చాలు. నిజమైన అదురును పట్టుకోవటం అంత సులువు కాదు! దారిలో పనివాళ్లు గొయ్యి తవ్వి ఇంటర్నెట్ కేబుల్ వేస్తున్నారు. దాని లోపల ఉండేది గాజు దారం. దానినే ఆప్టికల్ ఫైబర్ అంటారు. అందులో వెలుతురు పోయే భాగం మన వెంట్రుకకన్న ఎంతో సన్నం.

"ఒరే, చెరువులో రెండు రాళ్లు వేస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"రెండు చోట్లా అలలు లేస్తాయి, తాతయ్యా."

"ఆ అలలు ఎదురుపడ్డప్పుడు, ఎత్తు మీద ఎత్తు పడితే అల పెద్దదవుతుంది. ఎత్తు మీద పల్లం పడితే అణిగిపోతుంది. వెలుతురు కూడా అలే. ఒకే కిరణాన్ని రెండుగా చీల్చి రెండు గాజు దారాలలోకి పంపి, చివర మళ్లీ కలుపుతారు. ఒక దారం కదలకుండా ఉంటుంది, రెండోది నేలను అంటి ఉంటుంది. నేల అదిరి రెండో దారం ఏ కొంచెం సాగినా, అలలు తప్పి, చివర వెలుతురు తగ్గుతుంది, లేక పెరుగుతుంది."

ఎంత సాగాలనుకున్నారు? మిల్లీమీటరును రెండు వేల భాగాలు చేస్తే, అందులో ఇంచుమించు ఒక భాగం సాగినా చాలు, వెలుగు చీకటి అవుతుంది! ఇలాంటి సాధనాన్ని ఇంటర్‌ఫెరోమీటరు అంటారు. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రజ్ఞులు అద్దాలతో ఇలాంటి సాధనం చేసి పేరు పొందారు.

ఇదే దారం వోల్టేజిని కూడా కొలుస్తుంది. కొన్ని స్ఫటికాలూ, పింగాణీ వంటి పదార్థాలూ విద్యుత్తు పెడితే రవంత ఉబ్బుతాయి. వాటి చుట్టూ గాజు దారం చుడితే, వోల్టేజి కొద్దీ దారం సాగుతుంది. గాజులో విద్యుత్తు పారదు గనక, లక్షల వోల్టుల తీగ దగ్గర కూడా కొలిచేవాడికి ప్రమాదం తక్కువ.

2015లో ఐస్‌లాండు దేశంలో, అంతకు ముందే టెలిఫోన్ల కోసం పాతిపెట్టిన 15 కిలోమీటర్ల గాజు కేబుల్‌తోనే భూమి అదురులను పట్టుకున్నారు. ఒక కొసనుంచి వెలుతురు పంపి, దారంలో అడుగడుగునా వెనక్కు తిరిగివచ్చే కొద్దిపాటి వెలుతురును పరీక్షించారు. కేబుల్ పొడుగునా వేల చెవులు మొలిచినట్టయింది!

"అయితే మా వీధి కేబుల్ కూడా వినగలదా?" అన్నాడు మనమడు.

"తగిన యంత్రం కొసకు తగిలిస్తే వినగలదు. ఆ పని చెయ్యటానికి మీలో ఎవరైనా పెద్ద చదువు చదవాలి," అన్నాను.

బాలలూ! భయం వేసినప్పుడు పుకారు వినకండి. కొలిచినవారి మాట వినండి. ఈలోగా ఒక పళ్లెంలో నీళ్లు పోసి, రెండు చోట్ల వేళ్లతో తట్టి, అలలు ఎలా కలుస్తాయో మీరే చూడండి.